కల్లుపాక నుండి క్వార్టర్ సీసా వరకు: ఏ లెక్కలోనూ లేని రోగి

ఈమధ్య కైకలూరులో ఒక వివాహానికి వెళ్ళాను. భోజనాలు ముగిశాక పందిట్లో కూర్చుని ఉండగా, చేపల చెరువులు చేసే ఒక యువకుడు నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డాక్టరుగారూ, మద్యం మీద మీరు రాసేవి చదువుతూనే ఉంటానండి. కానీ మా తాతగారు కల్లు తాగి ఎనభై రెండేళ్ళు బతికారు. మా నాన్నగారు బ్రాందీ తాగి యాభై ఒకటో ఏటే పోయారు. తప్పు తాగడంలో ఉందంటారా, సీసాలో ఉందంటారా?" అని అడిగాడు.

పెళ్ళిపందిట్లో రెండు మాటల్లో తేల్చగల ప్రశ్న కాదది. "రాస్తానులే బాబూ" అన్నాను. ఆ మాట ప్రకారం రాస్తున్నదే ఈ వ్యాసం. మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల తాగుడు చరిత్రను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆ యువకుడికి సమాధానం దొరుకుతుంది. దానితోపాటు వైద్యుడిగా నేను చెప్పుకోవలసిన ఒక పొరపాటు కూడా ఉంది.

తాటిచెట్టు కింది పాక

ఇంగ్లండులో పబ్బు అనే మాటకు మూలం 'పబ్లిక్ హౌస్', అంటే నలుగురూ చేరే ఇల్లు. మన డెల్టాలో అటువంటి స్థలం కల్లుపాక. కాలువగట్ల మీద, పొలం గట్ల మీద తాటిచెట్లు లేని ఊరు ఒకప్పుడు లేదు. ఇంటికప్పుకు ఆకు, ఎండాకాలంలో ముంజెలు, చలికాలంలో తేగలు, కొల్లేటిలో తిరగడానికి మానుతో తొలిచిన దోనె, అన్నీ ఆ చెట్టు ఇచ్చినవే. కల్లు వాటిలో ఒకటి.

కల్లుకు కొన్ని సహజమైన హద్దులుండేవి. శీతాకాలం చివరి నుండి ఎండలు ముగిసేవరకే తాటికల్లు బాగా దిగుతుంది. తెల్లవారుజామున గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి దించిన కల్లు ఆ పూటకే. ముంతలో పడిన క్షణం నుండే గాలిలోని, ముంతలోని ఈస్టు దాన్ని పులియబెడుతుంది. ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళకు చేరాక, సాయంత్రానికి పులుపెక్కుతుంది. మరునాటికి వెనిగరు దారి పడుతుంది. ముంత లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. పులిసినదాన్ని ఎవరూ వారం రోజులు దాచుకోలేరు, రెండు జిల్లాల అవతలికి పంపలేరు. తాగేవాడు చెట్టు దగ్గరికి రావాలి. అక్కడ తన మామో, పెదనాన్నో కూర్చుని ఉంటారు. అదొక అదుపు.

అయితే ఆ రోజులను బంగారు యుగమని కొలిచే ఉద్దేశం నాకు లేదు. కల్లుపాక దగ్గర కూలిడబ్బులు కరిగిపోయిన ఇళ్ళు అప్పుడూ ఉన్నాయి, భార్యను కొట్టిన చేతులు అప్పుడూ ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ముంతలో పోయాలో, ఎవరికి ఆకుడొప్పలో పోయాలో కులం నిర్ణయించేది. పైగా కల్లులో ఉన్నదీ, బ్రాందీలో ఉన్నదీ ఒకే పదార్థం. ఆ లెక్క తరువాత చెబుతాను.

చెట్టు నుండి బట్టీకి, బట్టీ నుండి ఖజానాకు

పులిసినదాన్ని కాచి, ఆవిరిని చల్లబరచి పట్టుకుంటే సారా. బెల్లం ఊట నుండి దింపిన సారా పాడవదు. దాచవచ్చు, మోయవచ్చు, ఏడాది పొడవునా అమ్మవచ్చు. అంతకంటే ముఖ్యంగా, సీలు వేసి పన్ను వేయవచ్చు. ఇంగ్లండులో పద్దెనిమిదవ శతాబ్దంలో జరిగింది ఇదే. తరతరాలుగా బీరు తాగిన లండన్ పేదవాడ చవక జిన్నుకు మళ్ళి, పిల్లాపాపలతో సహా కుప్పకూలింది. చివరకు 1751లో చట్టం చేసి జిన్ను అమ్మకాన్ని కట్టడి చేయవలసి వచ్చింది.

మన దగ్గర ఆ మార్పును ప్రభుత్వమే నడిపింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం స్థిరపడ్డాయి. వేలంలో ఎక్కువ పాడినవాడు ఎక్కువ అమ్మితేనే గట్టెక్కుతాడు. గురజాడ 'కన్యాశుల్కం'లో సారాదుకాణం దృశ్యం చదివినవారికి, ఆనాటికే ఆ దుకాణం మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. 1921లోను, 1930లోను మన జాతీయవాదులు కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేయడానికి కారణం నీతి ఒక్కటే కాదు. ఆ దుకాణం పరాయి ప్రభుత్వానికి ఆదాయమని వారికి తెలుసు.

ప్రభుత్వం మారినా ఆ ఆదాయం మీద ఆధారపడటం మారలేదు. 1980లలో 'వారుణి వాహిని' పేరిట సారా ప్యాకెట్లలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అబ్కారీ ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు, 1991-92 నాటికి 800 కోట్లకు పైగా. తాటిచెట్టు దగ్గరికి మనిషి నడిచి వెళ్ళిన కాలం పోయి, పొలంగట్టు దగ్గరికి ప్యాకెట్టే నడిచివచ్చిన కాలం వచ్చింది.

మూడు నిషేధాలు

ఈ ప్రవాహానికి అడ్డుకట్ట వేయాలని మనం మూడుసార్లు ప్రయత్నించాం.

మొదటిది రాజాజీ 1937లో సేలం జిల్లాలో ఆరంభించి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైనది. నా బాల్యం మొత్తం ఆ నిషేధంలోనే గడిచింది. గీత కార్మికులకు ప్రత్యామ్నాయంగా తాటిబెల్లం సహకార సంఘాలు పెట్టారు గానీ, అవి ఆ కుటుంబాలన్నిటినీ నిలబెట్టలేకపోయాయి. చీకటి పడ్డాక పెరటి గోడ మీదుగా ముంత రావడం, మందుల దుకాణంలో శుంఠి టింక్చరు అవసరానికి మించి అమ్ముడుపోవడం నాకు గుర్తున్నాయి. ఈ నిషేధం అమలు వివాదంలోనే 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధాన్ని ఎత్తివేశారు.

రెండవది స్త్రీలు సాధించినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవారు, రోశమ్మ వంటివారు ముందు నిలిచి, తమ ఊరి సారాకొట్టు మూయించారు. 1992లో ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమైంది. స్వతంత్ర భారతంలో పేద స్త్రీలు సాధించిన గొప్ప ప్రజారోగ్య విజయాలలో ఇది ఒకటని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మూడవది సంపూర్ణ నిషేధం. 1995 జనవరి 16న, సంక్రాంతి రోజుల్లోనే అమలులోకి వచ్చింది. 1997లో సడలిపోయింది. సారా మాత్రం తిరిగి రాలేదు. దాని స్థానంలోకి 'విదేశీ మద్యం' అనే పేరుతో మన చెరకు మడ్డి నుండి, నూకల నుండి తీసిన స్పిరిటుకు రంగు, రుచి కలిపిన సీసా వచ్చింది. అప్పటివరకు ఉద్యోగస్థుల, మోతుబరుల అలవాటుగా ఉన్న బ్రాందీ, విస్కీ ముఠా కూలీ దాకా దిగాయి. ఆ తరువాత బెల్టు షాపులు, 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024 అక్టోబరు నుండి మళ్ళీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టర్. ఏ ప్రభుత్వాన్నీ ప్రత్యేకంగా తప్పుపట్టడం లేదు. అమ్మేవాడు ఎవరనేదే ప్రతిసారీ చర్చ అయింది. తాగి జబ్బుపడినవాడు ఎక్కడికి వెళ్ళాలన్నది ఏనాడూ చర్చకు రాలేదు.

1995 జనవరి: నా పొరపాటు

ఆ రోజుల్లో నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నిషేధం వచ్చిన మొదటి వారాల్లో క్యాజువాలిటీలో తలపగిలిన కేసులు తగ్గాయి. చెవిలో రక్తంతో వచ్చే ఆడవారు తగ్గారు. మేమందరం సంతోషించాం. అదే వారాల్లో మరో రకం రోగులు రావడం మొదలైంది. వణుకు, చెమటలు, మూర్ఛలు, గోడ మీద లేని చీమలను దులుపుకోవడం.

కొల్లేటి లంక గ్రామం నుండి నలభై ఏళ్ళ మనిషిని మంచానికి కట్టి తీసుకువచ్చారు. గాలి సోకిందని అప్పటికే రెండు రోజులు మంత్రం వేయించారు. పదిహేనేళ్ళుగా రోజూ తాగిన మనిషి, ఒక్కసారిగా మానవలసి వచ్చింది. నేను మూర్ఛవ్యాధి అని రాసి, నీరసంగా ఉన్నాడని గ్లూకోజు సీసా ఎక్కించాను. అతని కనుగుడ్లు అదురుతున్నాయి. నిలబెడితే కాళ్ళు ఎడంగా వేసి తూలుతున్నాడు. "ఇంకా మత్తు వదలలేదు" అనుకున్నాను.

అది మత్తు కాదు. విటమిన్ బి1 లోపం వలన మెదడుకు కలిగిన ప్రమాదం. ఏళ్ళ తరబడి తాగేవారి ఒంట్లో ఈ విటమిను అడుగంటిపోతుంది. వారికి బి1 ఇంజెక్షను ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన కొద్దిపాటి నిల్వ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. ఇది నేను చదువుకున్న పాఠమే. పైగా, మన ఉత్తర సర్కారు జిల్లాల్లో తెల్లబియ్యం తినేవారిలో బెరిబెరి ఎక్కువని మెక్‌కారిసన్ వంటి శాస్త్రజ్ఞులు 1920లలోనే రాశారు. పాలిష్ బియ్యం, దానిపై మద్యం. ఇంతకంటే హెచ్చరిక ఏం కావాలి? అయినా ఆ రాత్రి నాకు స్ఫురించలేదు. అలమరాలో ఇంజెక్షను ఉంది. దాని ధర కొద్ది రూపాయలు.

మనిషి బతికాడు. జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు. పాత సంగతులు కొన్ని చెప్పేవాడు. నిన్న జరిగింది, ఎదురుగా ఉన్నది నిలిచేవి కావు. మూడు వారాల తరువాత ఇంటికి తీసుకువెళుతూ ఆయన భార్య నన్ను అడిగింది: "తాగుడు మానేశాడు గదండీ బాబూ, మరి నా పేరెందుకు మర్చిపోయాడండీ?"

నేనేదో చెప్పి పంపించాను. నిజం చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ తరువాత ఇక్కడ చెబుతున్నాను.

నిషేధం చట్టం చేసినవారికి ఒక రాత్రిలో లక్షల మంది మద్యం మానబోతున్నారని తెలుసు. వారిలో కొందరికి అది ప్రాణాంతకమని వైద్యులమైన మాకు తెలుసు. ఒక్క సర్క్యులరు, ఒక్క రోజు శిక్షణ, వార్డుకు నాలుగు మంచాలు ఉంటే చాలేది. అవేవీ లేవు. 2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు అదే కథ పునరావృతమైంది. ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజరు తాగి పది మందికి పైగా మరణించారు. 2022 మార్చిలో మన జంగారెడ్డిగూడెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు, నాటుసారాయే కారణమని ఒకరు, సహజ మరణాలని ఒకరు వాదించుకున్నారు. చనిపోయాక కారణం గురించి వాదించాం. బతికుండగా వారిలో తాగుడుకు చికిత్స ఎందరికి అందిందని అడిగినవారు తక్కువ.

సీసా లెక్క

ఇప్పుడు ఆ యువకుడి ప్రశ్నకు వస్తాను. శరీరానికి బ్రాండు తెలియదు. దానికి తెలిసింది ఆల్కహాలు గ్రాములే.

- 750 మి.లీ. కల్లు (5 శాతం): సుమారు 30 గ్రాములు
- 90 మి.లీ. విస్కీ లేదా బ్రాందీ (42.8 శాతం): సుమారు 30 గ్రాములు
- 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు (8 శాతం): సుమారు 40 గ్రాములు
- 180 మి.లీ. క్వార్టర్: సుమారు 60 గ్రాములు

దీన్ని బట్టి రెండు అపోహలు తొలగుతాయి. కల్లు ఆరోగ్యమన్నది మొదటిది. పెద్ద సీసాడు కల్లు తొంభై విస్కీతో సమానం. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లయితే దానికి వేరే ప్రమాదం తోడవుతుంది. బీరు తేలికన్నది రెండవది. ఒక స్ట్రాంగ్ బీరు తొంభై విస్కీని దాటిపోతుంది. కాలేయం గంటకు ఏడు నుండి పది గ్రాములు మాత్రమే విరిచివేయగలదు. అంటే క్వార్టర్ దిగడానికి సుమారు ఆరు నుండి తొమ్మిది గంటలు. రాత్రి పదకొండుకు తాగి, తెల్లవారి నాలుగుకు చేపల లారీ తోలే డ్రైవరు స్టీరింగు ముందు మత్తులోనే ఉంటాడు.

తాతగారికి తాటికల్లు ఋతువు ప్రకారం దొరికింది, పగటిపూట, నలుగురి మధ్య, ఒళ్ళు వంచి పనిచేసే రోజుల్లో. కడుపు నిండితే ఇక పట్టదు. నాన్నగారికి సీసా మూడు వందల అరవై అయిదు రోజులూ దొరికింది. చెరువుగట్టు కాపలాపాకలో, ఒంటరిగా, రాత్రివేళ, తిండి లేకుండా. పట్టుబడి రోజున చేతిలో రొక్కం కూడా ఉంది. కొల్లేటి పొలాలు, తాళ్ళు పోయి చెరువులు వచ్చాక తాగుడు రూపమే మారింది. ఇది ఒక కారణం.

మరొక కారణం కూడా గుర్తుంచుకోవాలి. ఎనభై దాటిన తాతను మనం చూపిస్తాం. నలభైలో రక్తం కక్కుకుని పోయిన తాత గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కాబట్టి తాతగారిని బతికించింది కల్లు కాదు. ఆయన దాన్ని తట్టుకుని బతికారు. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యం కారకమని శాస్త్రం తేల్చింది. ఇంత వరకైతే క్షేమం అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

"అందరూ తాగుతున్నారు కదండీ" అంటారు. అదీ నిజం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తాగే పురుషులు సుమారు 23 శాతం, తెలంగాణలో సుమారు 43 శాతం. మన రాష్ట్రంలో నలుగురిలో ముగ్గురు మగవారు తాగడం లేదు.

ఇప్పుడు చేయవలసింది

నిషేధమా, అమ్మకమా అన్న వాదనలో నా అభిప్రాయం ఇది. దుకాణాలు తగ్గాలి, బెల్టు షాపులు పోవాలి, ధర మరీ చవక కాకూడదు. ఆ విషయంలో దూబగుంట స్త్రీలే నాకు గురువులు. కానీ చికిత్స లేని నిషేధం సగం వైద్యం. చికిత్స లేని అమ్మకం అసలు వైద్యమే కాదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని పోషకాహారం, ప్రజారోగ్యాలతో కలిపి ఒకేచోట చెప్పింది. ఖజానాకు వచ్చే మద్యం ఆదాయంలో కొంత భాగం చట్టప్రకారం చికిత్సకే కేటాయించాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరు వంటి ప్రతి పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో తాగుడు మాన్పించే మంచాలు కొన్ని, శిక్షణ పొందిన వైద్యుడు, నర్సు ఉండాలి. మద్యం చరిత్ర అడగకుండా ఏ ఓపీ చీటీ పూర్తి కాకూడదు. రోజూ తాగే రోగికి గ్లూకోజు సీసా కంటే ముందు బి1 ఇంజెక్షను పడాలి.

ఇక ఇళ్ళలో ఉన్నవారికి నాలుగు మాటలు.

1. పొద్దున్నే చేతులు వణికి, తాగితే గానీ వణుకు తగ్గనివారు ఇంట్లో హఠాత్తుగా మానకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు ప్రమాదకరం. ఆసుపత్రిలో వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

2. తాగేవారికి చెప్పకుండా అన్నంలో, కూరలో మాన్పించే మందు కలపవద్దు. దానిపై తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

3. మూర్ఛ, లేనివి కనిపించడం, కళ్ళు అదరడం, తూలు నడక ఉంటే గాలి అనుకుని ఆలస్యం చేయవద్దు. "రోజూ తాగేవాడు, ఎన్ని రోజులయింది మానేసి" అన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. సిగ్గుపడవద్దు.

4. సలహా కోసం 14446 అనే ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు ఉంది. తాగేవారే కాదు, వారి కుటుంబీకులూ ఫోను చేయవచ్చు.

కైకలూరు యువకుడికి ఒక్క మాట. బాబూ, సీసా మారింది, అందులోని విషం మారలేదు. మీ నాన్నగారికి నలభై ఏళ్ళప్పుడు ఎవరైనా వైద్యుడు "రోజుకు ఎంత తాగుతున్నారు?" అని కూర్చోబెట్టి అడిగి ఉంటే, బహుశా ఆయన కూడా మొన్న ఆ పందిట్లో ఉండేవారు. అడగవలసినవారు మేము. అడగలేదు. ఈ వ్యాసం చదువుతున్న యువ వైద్యులారా, మీరైనా అడగండి.

(ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు మీ వైద్యుని స్వయంగా సంప్రదించండి.)